కాటా మీద పట్టుచీర

పాత పట్టుచీర ధరను హైదరాబాద్‌లో నిర్ణయించేది అందులోని వెండి. గద్వాలలో నేసినదైనా కంచిలో నేసినదైనా, ఎవరి పెళ్లికి కొన్నదైనా, కొనేవాడు ముందు అంచులోంచి ఒక జరీపోగు లాగి గోటితో గీకుతాడు. పైరేకు ఊడి లోపల ఎర్రగా రంగేసిన పట్టుదారం కనిపిస్తే అది అసలు జరీ. సన్నటి వెండి తీగను రేకులా సాగగొట్టి, పట్టుదారానికి చుట్టి, బంగారు పూత పూసినది. వెండికి బదులు రాగి తేలితే ధర దారుణంగా పడిపోతుంది. ప్లాస్టిక్ జరీ అయితే చీర మొహాన కొట్టినట్టు వెనక్కి ఇచ్చేస్తాడు. అసలుదని తేలిన చీర కాటా ఎక్కుతుంది, అక్కడినుంచి పొయ్యిలోకి వెళ్తుంది. చీరను కాల్చి, బూడిదలో మిగిలిన లోహాన్ని మూసలో కరిగించి వెండి తీస్తారు. వెండి కిలో లక్ష రూపాయలు దాటాక ఈ పొయ్యిలకు తీరిక లేదు.

నూలు చీరలది ఇంకో దారి. వాటిలో కరిగించడానికి ఏమీ లేదు కాబట్టి అవి మెకానిక్ షెడ్లకు గ్రీజు తుడిచే గుడ్డలుగా వెళ్తాయి. ఎన్నో ఉతుకులకు మెత్తబడి నూనె బాగా పీలుస్తుందని పాత నూలుకే అక్కడ గిరాకీ. ఈ రెండు దారుల మధ్య నిలబడి, పోయేవాటిలో కొన్నింటిని పక్కకు లాగి సంచులుగా, బొంతలుగా, గోడకు తగిలించే పటాలుగా మార్చే పని నేను పెట్టుకున్నాను. లెక్కల టీచరుగా ఉద్యోగ విరమణ చేశాక మొదలైన పని ఇది. కుట్టు చిన్నప్పటి నుంచీ వచ్చు. బట్ట గురించి తెలిసింది మాత్రం సంతల్లోనే.

పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజారు, ఆదివారం ఎర్రగడ్డ సంత నేను ఎక్కువగా వెళ్లే చోట్లు. పాత ఇనుము, ఆగిపోయిన గడియారాలు, రేడియోలు, ఒంటి చెప్పులు, ఇత్తడి చెంబుల మధ్య నేల మీద దుప్పట్లు పరిచి బట్టల కుప్పలు పోసి ఉంటాయి. వీధుల్లో తిరుగుతూ స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు పట్టుకెళ్లేవారి మూటల్లోంచి వచ్చినవి అందులో చాలా. పెద్ద ఇళ్లు కూల్చేటప్పుడు బీరువాలు ఖాళీ చేస్తే వచ్చినవి ఇంకొన్ని. పొద్దున్నే చేరుకోవాలి. ఎండెక్కేసరికి జరీ వ్యాపారులు ఏరుకుని పోగా మిగిలేవి పాలిస్టర్ చీరలూ, స్కూలు యూనిఫాంలూ.

నేను మామూలుగా కొనే పెద్దాయన ఒకరున్నారు. ఆయన దృష్టిలో ప్రతి గుడ్డా నిజాం కాలం నాటిదే. ఒకసారి ఆయన చూపించిన పక్కదుప్పటి అంచు మీద మిల్లు ముద్రతో పాటు మీటర్లలో కొలత కూడా అచ్చేసి ఉంది. 'నిజాం కాలంలో మీటర్లు ఎక్కడివి భాయ్? గజాలు కదా!' అన్నాను. ఆయన తడుముకోలేదు. 'నిజాం సాబ్ 1967 దాకా ఉన్నారు కదమ్మా' అన్నారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయింది నిజంగానే 1967లో. అంతకు కొన్నేళ్ల ముందే మీటర్లు వచ్చేశాయి. ఆ దుప్పటి కొనక తప్పలేదు.

బేరం కంటే ముందు చేయాల్సింది పరీక్ష. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పడుగు (నిలువు పోగులు) ఎక్కడ పలచబడిందో, పేక (అడ్డపోగులు) ఎక్కడ తెగిందో తెలుస్తుంది. మడతల దగ్గర మరీ జాగ్రత్తగా చూడాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంబడే పగులుతుంది. ఇళ్లలో పెద్దవాళ్లు ఏడాదికోసారి పట్టుచీరలు తీసి మడత మార్చి పెట్టేది ఇందుకే. తర్వాత రెండు చేతుల బొటనవేళ్లతో బట్టను మెల్లగా పక్కలకు లాగాలి. చప్పుడు లేకుండా సాగితే ప్రాణం ఉన్నట్టు. చిటచిటమంటే లోపలి పోగులు తెగుతున్నట్టు, దాన్ని ఏ ధరకూ కొనకూడదు. పట్టా కాదా అనే అనుమానం ఉంటే అంచులోంచి ఒక పోగు తీసి అగ్గిపుల్లతో అంటించాలి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య పొడి అయిపోయే నల్లటి ఉండ మిగులుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన, తేలికపాటి బూడిద. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా బిగుసుకుంటుంది. ఈ పరీక్ష చేస్తుంటే చుట్టూ జనం మూగుతారు, ధర కూడా కాస్త పెరుగుతుంది. అందుకే నేను ఆ పోగును రుమాలులో పెట్టుకుని టీ బండి దగ్గరికి వెళ్లి కాల్చి చూసి వస్తాను.

ఇంటికి తెచ్చిన బట్ట నేరుగా లోపలికి రాదు. పురుగు గుడ్లు ఉంటాయనే భయంతో ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా కట్టి రెండు వారాలు ఫ్రీజరులో పెడతాను. ఇడ్లీపిండి పక్కన చీర ఏమిటని ఇంట్లో వాళ్లు విసుక్కునేవారు. ఇప్పుడు అలవాటైపోయింది. ఆ తర్వాత రంగు పరీక్ష. తెల్లటి నూలుగుడ్డను తడిపి బట్ట మూలన కాసేపు అదిమి పెడితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. దిగితే నీళ్లు ముట్టించను. బ్రష్షుతో దుమ్ము దులిపి ఊరుకుంటాను. దిగకపోతే కుంకుడుకాయ రసం. సబ్బుకు క్షారగుణం ఉంటుంది, పట్టుకు అది పడదు. కుంకుడు రసం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి పట్టు తట్టుకుంటుంది. మన అమ్మమ్మలు పట్టుకు కుంకుడే వాడడంలో సాంప్రదాయం ఎంత ఉందో రసాయన శాస్త్రం కూడా అంతే ఉంది. పెద్ద పళ్లెంలో పలచటి రసం పోసి, బట్టను దోమతెర ముక్క మీద పరిచి, తెరతో సహా ముంచి తీస్తాను. తడిసిన పాత పట్టు తన బరువును తానే మోయలేదు. పిండడం, దండెం మీద వేలాడదీయడం నిషిద్ధం. నీడలో పాత తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాలి. నూలుకు గంజి పెట్టను. గంజి ఉన్న బట్టను సిల్వర్‌ఫిష్‌ అనే పురుగులు ఇష్టంగా తింటాయి. దాచేటప్పుడు మడతల్లో వస కొమ్ములు పెడతాను. నాఫ్తలీన్ ఉండలు వెండి జరీని నల్లబరుస్తాయని చాలామంది అంటారు, అందుకని వాటి జోలికి పోను.

ఇక కత్తెర. ఈ పనిలో నా మాట ఒకటే. నిలువునా బాగున్న బట్టను కత్తిరించకూడదు. చిరిగినదాన్ని మాత్రమే, అదీ చిరుగు ఎటు దారి చూపితే అటు కత్తిరించాలి. పాత చీరలతో జాకెట్లు, లెహంగాలు కుట్టి అమ్మే దుకాణాలు నగరంలో ఇప్పుడు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని చోట్ల చెక్కుచెదరని తొమ్మిది గజాల చీరను మధ్యకు చీల్చి, కొంగును సోఫా దిండుకు తొడుగుతున్నారు. పొయ్యిలో వేసేవాడికైనా వెండి అనే లెక్క ఒకటుంది. దీనికి ఆ లెక్క కూడా లేదు.

నాకు దొరికిన తేలియా రుమాల్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ పెద్దాయన సరుకు మూట కట్టుకు వచ్చిన గుడ్డే అది. మూటలోని చీరల మీద ఆయన బేరం చెబుతుంటే నా చూపు మూటగుడ్డ మీద పడింది. ముదురు ఎరుపు, నలుపు, తెలుపు. అంచులు చెదిరినట్టుండే ఇక్కత్ గీతలు, వాటి మధ్య గళ్లలో గోడగడియారాల బొమ్మలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె వాసన. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి ఆరబెడుతూ పోవడం వల్ల ఎరుపు రంగు నూలుకు గట్టిగా పడుతుంది, ఆ వాసన కూడా గుడ్డతో పాటే ఉండిపోతుంది. చీరాల దీని పుట్టిల్లు. తలపాగాలుగా, లుంగీలుగా ఇక్కడ కట్టుకున్నారు, అరబ్ దేశాలకూ ఎగుమతి చేశారు. పువ్వులూ పక్షులతో సరిపెట్టుకోకుండా గడియారాలు, విమానాలు కూడా నేశారు. కొత్తగా చూసిన ప్రతి వస్తువునూ మగ్గమెక్కించిన నేతగాళ్ల సరదా నాకు భలే నచ్చుతుంది. తర్వాత ఈ విద్య నల్గొండ వైపు పుట్టపాకలో నిలదొక్కుకుంది. ఆ ఊరి నేతకారులు గజం గోవర్ధన, గజం అంజయ్య పద్మశ్రీలు అందుకున్నారు. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మూటగుడ్డ కావాలని అడిగితే పెద్దాయన అనుమానంగా చూశారు. చీర కొంటే ఊరికే ఇస్తానన్నారు. ఊరికే తీసుకోవడానికి మనసొప్పలేదు, రెండింటికీ కలిపి డబ్బిచ్చాను. రెండు మూలల్లో ముడి వేసీ వేసీ పోగులు తెగిపోయాయి తప్ప గుడ్డ అంతా గట్టిగా ఉంది. అంటే నా నియమం ప్రకారం కత్తెర పడదు. ఉతికి ముడుచుకున్నాక ఆరబెట్టిన మల్లుగుడ్డను వెనుక వేసి, తెగిన మూలల్లో రఫూ చేసి, రుమాలును దానికి సన్నటి నూలుదారంతో అక్కడక్కడా కుట్టి, చెక్క చట్రానికి బిగించాను. జిగురు చుక్క కూడా వాడలేదు. జిగురు ఎండితే పెళుసవుతుంది, పసుపెక్కుతుంది, మళ్లీ తీయడం ఎవరి తరమూ కాదు. కుట్టు అయితే రేపు నాకంటే తెలిసినవాళ్లు విప్పి సరిచేసుకోవచ్చు. అందుకే దారం విషయంలో నాది మొండిపట్టు. పాత బట్టకు పాలిస్టర్ దారం వాడను. లాగుడు పడినప్పుడు తెగాల్సింది దారం. దారం బట్టకంటే గట్టిదైతే బట్టనే కోసేస్తుంది.

గద్వాల చీరలు దీనికి పూర్తిగా వేరు. ఇలాంటి పనికి వాటిని మించినవి లేవు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు మెలివేసి కలుపుతారు, కుప్పడం నేత అంటారు. కట్టీ ఉతికీ నూలు ఒళ్లు ముందు చివికిపోతుంది. పట్టు అంచులు, కొంగు ఇంకా నిగనిగలాడుతూ ఉంటాయి. కాటా వాడికి కావలసింది ఆ అంచుల్లోని జరీ. నాకు కావలసిందీ అదే. బజారులో మేమిద్దరం ఒకే చీరను చెరో కొసా పట్టుకున్న సందర్భాలున్నాయి. జరీ తక్కువ, నేత ఎక్కువ ఉన్న చీరైతే నాకు వదిలేస్తాడు. బుటాల మీద వెండి దట్టంగా ఉన్నవాటికి అతని ధరను నేను అందుకోలేను.

అలా నాకు వచ్చిన ఒక చీర వక్కరంగు ఒళ్లు, ఆవపువ్వు రంగు అంచు. అంచు మీద గుడి గోపురాల వరుస. ఒళ్లు చేత్తో ముట్టుకుంటే పొడుములా రాలిపోయేట్టుంది. ముందుగా అంచును వేరు చేయాలి. ఇక్కడ చాలామంది అంచు మొదలయ్యే గీత మీదే కత్తెర పెడతారు. కుప్పడం మెలికలు అక్కడే ఉంటాయి, అవి తెగితే అంచు ఒక పక్కనుంచి విచ్చుకుంటూ పోతుంది. నూలువైపు రెండు వేళ్ల వెడల్పు వదిలి కత్తిరించి, ఆ నూలును లోపలికి మడిచి కుట్టులో కలిపేయాలి. కొంగు మీద ఏ భాగం సంచి ముందువైపు రావాలో చూసుకోవడానికి నా దగ్గర ఒక అట్టముక్క ఉంది. సంచి కొలతకు మధ్యలో కిటికీలా కోసి పెట్టుకున్నది. దాన్ని కొంగు మీద జరుపుకుంటూ పోతే ఒకచోట బొమ్మ కుదురుతుంది. లెక్కల టీచరు బుర్ర కదా, నడిమధ్య గోపురం రావాలని చూసేదాన్ని. కొంచెం పక్కకు జరిపి సగం గోపురాన్ని అంచు దాటిస్తేనే సంచికి కళ వస్తుందని చేతికి తెలిసేసరికి కొంతకాలం పట్టింది.

లోపల అస్తరు గట్టి గాడాగుడ్డ. బరువంతా దాని మీదే పడాలి, పట్టు మీద కాదు. కాడలను అస్తరుకే కుట్టి, పట్టును పైన తొడుగులా వేస్తాను. ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే కూరగాయలు పెట్టిన మొదటిరోజే కొంగు చిరుగుతుంది. పట్టు సంచిలో కూరగాయలు ఎవరు పెడతారని అడగకండి, మా చెల్లెలు పెట్టింది.

హిమ్రూ ముక్కలు అరుదుగా దొరుకుతాయి. నాకు దొరికింది ఒక షేర్వానీ వీపుభాగం, చంకల దగ్గర చెమటకు తినేసింది. హిమ్రూను నూలు పడుగు మీద పట్టు పేకతో నేస్తారు. పైకి పూలూ లతలూ, వెనక్కి తిప్పితే వదులుగా వేలాడే పట్టుపోగులు. చలికి వెచ్చదనం ఇచ్చేవి ఆ పోగులే. ఔరంగాబాద్ ఈ నేతకు పేరున్న ఊరు, 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. హైదరాబాద్‌లో ఈ నేతను మళ్లీ నిలబెట్టినవారు సురయ్యా హసన్ బోస్. దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర మగ్గాలు పెట్టి, భర్తలు పోయిన ఆడవాళ్లకు నేత నేర్పి హిమ్రూ, మష్రూ, జామెవార్, పైఠనీలు నేయించారు. 2021లో కన్నుమూశారు. ఆవిడ పేరులోని బోస్ సుభాష్ చంద్రబోస్ కుటుంబంలోకి కోడలిగా వెళ్లడం వల్ల వచ్చింది. ఆ పేరు చెబితే ఇక్కత్ తెలిసిన ఆడవాళ్లు కూడా ఎవరని అడుగుతారు, అది నాకు బాధ.

హిమ్రూను మామూలు బట్టలా కత్తిరిస్తే వెనుక పోగులన్నీ జారిపోయి ముందున్న పువ్వు మాయమవుతుంది. అందుకని కావలసిన ఆకారాన్ని ముందు సుద్దతో గీసి, ఆ గీతకు అటూ ఇటూ చేత్తో దగ్గరదగ్గరగా రెండు వరుసలు కుట్టి, అప్పుడు ఆ రెండు కుట్ల మధ్య కత్తిరించాలి. షేర్వానీ ముక్క నుంచి ఒక చిన్న చేతిపర్సు, ఒక కళ్లజోడు సంచి వచ్చాయి. చెమట తిన్న భాగాన్ని ఏమీ చేయలేక పక్కన పెట్టాను.

మచిలీపట్నం అచ్చుల కలంకారీ దుప్పట్లలో ఇంకో చిక్కు ఉంది. పాతవి చూస్తే ఎర్రటి పువ్వులు చెక్కుచెదరకుండా ఉంటాయి, వాటి చుట్టూ ఉండాల్సిన నల్లగీతలు మాత్రం కొరికేసినట్టు చిల్లులై ఉంటాయి. పురుగు పనేమో అనుకుంటారు. కాదు. నలుపును ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి చేస్తారు, కరక్కాయ పట్టించిన బట్ట మీద అది నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. దీనికి విరుగుడు లేదు. రాబోయే చిల్లును ఆపడానికి వెనుక మెత్తటి నూలు వేసి ప్రతి నల్లగీత పక్కన బొంతకుట్టు వేయడమే నేను చేయగలిగింది. ఆ కుట్టు నలుపులో వేస్తే కనిపించదు. నేను ఎర్రదారం వాడతాను. ఎక్కడ బాగుచేశానో తర్వాతివాళ్లకు తెలియాలి.

ఇన్ని చెప్పినా, ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని బొంత. మెకానిక్ షెడ్డుకు పోయే నూలు చీరలన్నీ బొంతకు పనికొస్తాయి. వాటి మెత్తదనం కొత్త గుడ్డకు ఎన్ని డబ్బులు పోసినా రాదు. ఇది నాకు నేర్పింది మహబూబ్‌నగర్‌లో ఉండే మా చిన్నత్తగారు. వాళ్ల ఊళ్లో ఎండాకాలం కోతలయ్యాక బొంతలు కుట్టే ఆడవాళ్లు ఇంటింటికీ వచ్చేవారట. వాకిట్లో చీరలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, దబ్బనంతో ఎదురెదురుగా కూర్చుని కుట్టేవారట. ఆవిడ నన్నూ నేల మీదే కూర్చోబెట్టారు. బల్ల మీద పరుస్తానంటే ఒప్పుకోలేదు. 'బల్ల మీద బట్ట జారుతుంది అమ్మాయీ, నేల మీదైతే నీ మోకాలే దానికి బరువు' అన్నారు.

పొరలు వేయడంలో ఉంది కిటుకంతా. అడుగున గట్టిది, మధ్యలో చిరుగులు పడినవి, పైన చూడ్డానికి బాగున్నది. మధ్య పొరల్లో చిరుగులు ఒకదాని కింద ఒకటి రాకుండా చూసుకోవాలి. ఒక చిరుగు కింద మరో చీర గట్టిభాగం ఉండాలి. పడుగు అన్నిటికీ ఒకే దిక్కున ఉండాలి. కొత్త గుడ్డ ఏదైనా కలిపితే దాన్ని ముందుగా ఉతికి ముడుచుకోనివ్వాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది ఒక్కటే ముడుచుకుని బొంతంతా మెలికలు తిరుగుతుంది. తర్వాత పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసి పొరలను కట్టేసి, అంచు నుంచి లోపలికి, చతురస్రం లోపల చతురస్రంగా కుట్టుకుంటూ పోవాలి. మధ్యనుంచి మొదలుపెడితే త్వరగా అవుతుంది కదా అని అడిగాను. 'మధ్యలో మొదలుపెడితే ముడతలన్నీ అంచుకు తోస్తావు, అంచు నుంచి వస్తే మధ్యకు సర్దుకుంటాయి' అన్నారు. ఈ మాట మీద మాకు వాదన జరిగింది. మిషను మీద పొరలు కుట్టే చోట అందరూ మధ్యనుంచి బయటికే వెళ్తారు, దానికీ కారణం ఉంది. చేతికుట్టుకు మాత్రం ఆవిడదే సరైనదని ఒప్పుకున్నాను, అదీ కుట్టి చూశాకే.

పసిపిల్లల బొంత అయితే ముడులు పైకి రాకూడదు. దారం చివర ముడి వేసి పొరల మధ్యలోంచి సూది తీస్తే ముడి లోపలే చిక్కుకుంటుంది. మా మేనకోడలి పాపకు అలాంటిది ఒకటి కుట్టాం. పైపొర బజారులో కొన్న నీలం గళ్ల నూలుచీర, లోపలివి అత్తయ్య చీరలు. ఎవరో కట్టిన చీరను పసిబిడ్డకు కప్పుతామా అని వాళ్ల ఇంట్లో ఒకరు సందేహించారు. రెండుసార్లు ఉడకబెట్టి ఎండలో ఆరేశామని చెప్పినా తృప్తి కలగలేదు. పాపకు మాత్రం అది లేకుండా నిద్ర పట్టదట.

లంబాడీల పాత కుట్టుపని ముక్కలు కూడా సంతలో తరచు కనిపిస్తాయి. అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టిన కాంచళీలనే రవికలు, ఫేట్యాలనే లంగాల అంచులు. జాకెట్ల వీపు మీదికి, సంచుల మీదికి వీటికి గిరాకీ ఎక్కువ. నేను ఇప్పుడు కొనడం మానేశాను. గద్వాల చీర నేసిన మనిషికి కూలి ముట్టి, అది ఒక సరుకుగా ఇల్లు దాటింది. కాంచళి అలా కాదు. ఒక ఆడది తన ఒంటికి తాను కుట్టుకున్న బట్ట అది. ఇంట్లో ఏ కష్టం వచ్చి అది మూటలోకి చేరిందో మనకు తెలియదు. ఆ కుట్టు కావాలంటే తండాల్లో ఇప్పటికీ కుట్టేవాళ్లున్నారు, వాళ్లకు కూలి ఇచ్చి కొత్తగా కుట్టించుకోవచ్చు. నా స్నేహితురాళ్లు కొందరు ఇది అతి అంటారు. కావచ్చు.

ధర విషయానికి వస్తే, పాత చీర ముక్కకు ఇంత డబ్బా అనే మాట ప్రతి ప్రదర్శనలోనూ వినాలి. బట్ట ఖర్చు నిజంగానే తక్కువ. ఉతకడం, ఆరబెట్టడం, వెనుక గుడ్డ వేయడం, రఫూ, చేతికుట్టు, వీటికి పట్టే సమయానికి మన దగ్గర ఎవరూ ధర కట్టరు. మిషను మీద కుట్టిన సంచి ధరతో పోల్చి అడిగేవారికి మిషను సంచి కొనుక్కోమనే చెబుతాను. కొనేవాళ్లు కొంటారు. మిగిలినవి పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు కానుకలుగా వెళ్తాయి.

ఆ మధ్య డాలస్‌లో ఉండే మా పెద్దనాన్న మనవరాలు ఫోను చేసి, హిమ్రూ పర్సు తనకు పంపమంది. కుదరదని చెప్పాల్సి వచ్చింది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువులను దేశం దాటించడానికి మామూలు మనుషులకు వీల్లేదు. వస్త్రమైనా అంతే. ఆ షేర్వానీ వయసు ఎంతో ప్రమాణం చేసి చెప్పగలిగినవారు ఎవరూ లేరు. బజారు పెద్దాయన మాట పట్టుకుంటే నిజాం కాలం నాటిది అవుతుంది, కస్టమ్స్ వారికి ఆ మాట సరిపోతుంది కూడా. అది కాక తేదీ తెలిసిన బట్టతో చేసినదే పంపుతానన్నాను.

తేదీ తెలిసిన బట్ట అత్తయ్య దగ్గర ఉంది. నేను చేసిన గద్వాల సంచి చూశాక ఆవిడ తన పెళ్లి చీర తీసి నా ముందు పెట్టారు. 1974లో గద్వాలలోనే కొన్నది, రసీదు కూడా చీరతో పాటే మడతలో ఉంది. ఒళ్లు చివికిపోయింది, పచ్చటి అంచూ హంసల కొంగూ మిగిలాయి. 'కాటా వాడికి ఇస్తే ఎంతొస్తుందో నాకూ తెలుసు, నువ్వే చెయ్యి' అన్నారు. కొంగంతా పట్టేలా కొంచెం పెద్ద సంచే కుట్టి, రసీదు నకలు లోపల పెట్టి డాలస్‌కు పంపాను.

అందినరోజే ఫోను వచ్చింది. చాలా బాగుందట, ఆఫీసుకు తీసుకెళ్తే అందరూ ఎక్కడ కొన్నావని అడిగారట, ల్యాప్‌టాప్ మాత్రం పట్టడం లేదట. ల్యాప్‌టాప్ పట్టేది ఇంకోటి కుట్టివ్వగలవా అని అడిగింది. అంత పెద్ద సంచికి ఇంకో గద్వాల కొంగు కావాలి. అత్తయ్య దగ్గర రెండోది ఉందని తెలుసు కాబట్టి ఆవిడను అడిగాను. అది ఇంకా గట్టిగానే ఉంది, మొన్న వ్రతానికి కూడా కట్టుకున్నాను, ఆ పిల్లను ఆగమను అన్నారు.